గేర్లెన్నో కాదు, ఏ గేరులో ఎంత వేగమో వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం రైతు పేజీలో చిన్న ట్రాక్టర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. మోడళ్లన్నిటినీ వరసగా పట్టికలో పెట్టి హార్స్‌పవరు, ధర, ఎత్తే బరువు, గేర్లు అని నాలుగు గళ్లు గీశారు. గేర్ల గడిలో 6+2, 8+2, 9+3, 12+12 అని అంకెలున్నాయి. పట్టిక కింద, గేర్లు ఎంత ఎక్కువుంటే రైతుకు అంత మేలనీ, ఎటూ క్లచ్ లేని కొత్తరకం ట్రాక్టర్లు వచ్చేస్తున్నాయి కాబట్టి పాత పద్ధతి గేర్‌బాక్సుల మీద డబ్బు తగలేయొద్దనీ రాశారు. నా పేచీ ఆ ఒక్క మాటతోనే. చిన్న కమతానికి పెద్ద ట్రాక్టరు కొని వాయిదాలు కట్టలేక అవస్థ పడొద్దని మీరు రాసింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ ముక్క కత్తిరించి మా ఊరికి పంపాను కూడా.

నేనెవరో చెప్పకపోతే ఇతనికెందుకింత పట్టింపు అనుకుంటారు. మాది హిందూపురం దగ్గర పల్లె. చదువు ఐటీఐతో ఆగింది. బెంగళూరొచ్చి పీణ్య పారిశ్రామికవాడలో గేర్ కటింగ్ షాపులో హెల్పరుగా చేరి, ఇప్పుడు అదే పేటలో ఫోర్‌మన్‌గా చేస్తున్నాను. ట్రాక్టర్లకు పోయే కొత్త గేర్లూ, పల్లెల నుంచి గోనెసంచిలో చుట్టి తెచ్చే విరిగిన గేర్లకు నకళ్లూ, రెండూ గేరు పళ్లు కోసే మా హాబింగ్ మిషన్ల మీద తయారవుతాయి. అందుకని మా వైపు ఎవరు ట్రాక్టరు కొనాలన్నా నాకు ఫోను చేస్తారు. అడ్వాన్సు కట్టేశాక చేసేవాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి.

మొదట ఆ అంకెల గురించి. 8+2 అంటే నాలుగు గేర్లూ ఒక రివర్సూ, వాటిని హై, లో అని రెండు రేంజిల్లో వాడుకోవడం. 9+3 అంటే మూడు గేర్లూ ఒక రివర్సూ, మూడు రేంజిలు. 12+12లో నాలుగు గేర్లు, మూడు రేంజిలు, పైగా ముందుకూ వెనక్కూ మార్చే లివరు వేరేగా ఉంటుంది కాబట్టి ముందుకెన్ని వేగాలో వెనక్కీ అన్ని. ఇదంతా ఎక్కాల లెక్కే. వీటిలో పొలంలో రోజూ పనికొచ్చేవి మూడో నాలుగో, తక్కినవి రోడ్డెక్కినప్పటికి. రెండు కంపెనీలు 8+2 అనే అచ్చు వేసుకున్నా ఒకరి లో ఫస్టులో బండి గంటకు ఒకటిన్నర కిలోమీటర్లు పోవచ్చు, ఇంకొకరి లో ఫస్టులో రెండున్నర పోవచ్చు. మీ పట్టికలో ఆ రెండు ట్రాక్టర్లూ ఒకటే. చేలో దిగితే ఒకటి కాదు.

ఎందుకు కాదో రోటవేటరు, అంటే తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడిచేసే పనిముట్టు, చెబుతుంది. పీటీఓ, అంటే పనిముట్లను తిప్పడానికి ట్రాక్టరు వెనక ఉండే షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు తిరిగేటప్పుడు రోటవేటరు షాఫ్టు సుమారు 200 చుట్లు తిరుగుతుందనుకుందాం. మామూలుగా బ్లేడ్లు బిగించే ఒక్కో ఫ్లాంజికి ఆరు బ్లేడ్లుంటాయి, మూడు ఎడమకి వంగినవి, మూడు కుడికి. అంటే ఒక పక్క మట్టిని ఒక చుట్టులో మూడు బ్లేడ్లు కోస్తాయి. ట్రాక్టరు గంటకు 3 కిలోమీటర్ల మీద పోతే నిమిషానికి 50 మీటర్లు, రోటవేటరు ఒక చుట్టు తిరిగేలోగా బండి 25 సెంటీమీటర్లు జరుగుతుంది, ఒక్కో బ్లేడు కోసే మట్టి ముక్క ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు. అదే 2 కిలోమీటర్ల మీద పోతే ముక్క ఐదున్నర. ఎర్రనేలలో వాన పడిన మర్నాడు ఈ తేడా కంటికి ఆనదు. చెరువు కింద జిగటమట్టి ఆరీ ఆరకముందు దిగి చూడండి, ఒకచోట పొడి, ఇంకోచోట గడ్డలు.

ఇక్కడే అసలు కిటుకుంది. గడ్డలు లేస్తున్నాయని డ్రైవరు ఏం చేస్తాడు? రేస్ తగ్గిస్తాడు. బండి నెమ్మదిస్తుంది. కానీ చక్రాలూ పీటీఓ రెండూ అదే ఇంజను మీద ఆధారపడ్డాయి కదా, పీటీఓ కూడా అంతే పాలున నెమ్మదిస్తుంది. బండి 3 నుంచి 2కు దిగితే రోటవేటరు 200 నుంచి 133కు దిగుతుంది. భాగించి చూసుకోండి, ముక్క మళ్లీ అదే ఎనిమిది సెంటీమీటర్లు! గడ్డ చిన్నదవలేదు సరికదా, ఇంజను బలం తగ్గింది, పొద్దు పోయింది. గేరు మారిస్తే తప్ప ముక్క మారదు. మార్చడానికి కింద ఇంకో గేరు ఉండాలి. అది ఉన్నదా లేదా అన్నది మీరు వేసిన 8+2లో ఎవరికీ కనబడదు.

పవర్‌టిల్లరు వాడినవాళ్లకు ఈ అవస్థ లేదు. మా బెంగళూరు వీఎస్‌టీ కంపెనీ 1967లో పుట్టింది, వాళ్ల టిల్లర్లు మా వైపు తోటల్లో నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. టిల్లరు వెనక మనిషి నడవాలి కాబట్టి దాని గేర్లు మనిషి నడకకు తగినట్టే ఉంటాయి, లేకపోతే ఎవడూ కొనడు. సీటు మీద కూర్చున్నాక కాళ్లకు ఆ లెక్క పోతుంది. బ్రోషర్లో కూడా రాయకపోతే ఇక అడిగేవాడెవడు?

మా తమ్ముడు కూడా టిల్లరు నుంచే ట్రాక్టరుకు మారాడు. నాలుగెకరాల మల్బరీ తోట, కాస్త వేరుశనగ. మల్బరీ జంట సాళ్ల పద్ధతి, జంటలో మూడడుగుల ఎడం, జంటకూ జంటకూ మధ్య ఐదడుగులు. ఆ ఐదడుగుల్లో చిన్న ట్రాక్టరు దూరాలి, కొమ్మలు విరక్కుండా రావాలి. షోరూము నుంచే ఫోను చేశాడు.

“అన్నా, పన్నెండు ప్లస్ పన్నెండంట. తీసేసుకుందామా?”

“ఏం పనికిరా?”

“అన్నిటికీ.”

“సేల్సు అబ్బాయికి ఫోనియ్యి. లో ఫస్టులో, ఇంజను పీటీఓ గుర్తు దగ్గర పెట్టుకుంటే గంటకెంత పోతుందో అడుగుతా.”

ఆ అబ్బాయి మర్యాదస్తుడే. బ్రోషరంతా తిరగేశాడు. లిఫ్టు ఎత్తే బరువుంది, టైర్ల సైజుంది, డీజిలు ట్యాంకు లీటర్లున్నాయి, వేగం దగ్గర రోడ్డు మీద గరిష్ఠ వేగం ఒక్కటే ఉంది. “సార్, సీటు అడ్జస్టబుల్ సార్” అన్నాడు చివరికి.

తరవాతి ఆదివారం నేనే వెళ్లాను. డెమోకు తెచ్చిన రెండు బండ్లనూ మా చేలోనే కొలిచాం. ఇరవై మీటర్ల దూరంలో రెండు గూటాలు పాతి, రోటవేటరు పైకెత్తి, ఆర్‌పీఎం మీటరులో 540 అని గుర్తు పెట్టిన చోట ముల్లు నిలబెట్టి, లో ఫస్టులో వదిలాం. ముందు చక్రం మొదటి గూటం దాటినప్పుడు ఫోనులో స్టాప్‌వాచి నొక్కడం, రెండోది దాటగానే ఆపడం, అంతే పని. 72ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకెన్ని కిలోమీటర్లో వస్తుంది. 36 సెకన్లు పడితే 2 కిలోమీటర్లు, 24 పడితే 3. అటు పన్నెండు గేర్లది కావచ్చు, ఇటు ఎనిమిది గేర్లది కావచ్చు, ఈ కొలత ముందు దాగేదేమీ లేదు. మీ పాఠకుల్లో ఎవరికైనా నా ఉత్తరంలో ఒక్క ముక్క పనికొస్తుందంటే ఇదే కాబట్టి, దయచేసి ఈ పేరా మాత్రం ఎడిటింగులో కోసేయకండి.

ఇక గేర్‌బాక్సు రకాలు. పాత పద్ధతి, కొత్త పద్ధతి అని రెండు ముక్కల్లో తేల్చేశారు మీ విలేఖరి. లోపల కనీసం మూడు రకాలున్నాయి, ఏది దేనికో తెలియాలి.

స్లైడింగ్ మెష్‌లో గేరే షాఫ్టు మీద జరిగి ఇంకో గేరులోకి పక్కనుంచి దూరుతుంది. చవక, విప్పడం తేలిక, మన తాలూకా మెకానిక్కు కళ్లు మూసుకుని చేయగలడు. కానీ బండి పూర్తిగా ఆగాకే గేరు వేయాలి. ఇది రాసే నాటికి నా బల్ల మీద అలాంటి గేరొకటి ఉంది, నకలు చేయడానికి వచ్చింది. పళ్లకు ఒక కొసన అంచులు గుండ్రంగా అరిగిపోయి, మూడు పళ్లు పెచ్చులూడాయి. తిప్పి రెండో కొస చూస్తే మిషను గీతలు కూడా చెరగలేదు. దూరే కొస నలిగింది, దూరని కొస కొత్తగా ఉంది. ఆ డ్రైవరు ఎవరో నేను చూడలేదు గానీ బండి ఆగకముందే లివరు లాగే మనిషని ఆ పళ్లే చెబుతున్నాయి. గేరుకు గట్టిదనమంతా పైన ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పొరలోనే ఉంటుంది, అది ఊడితే లోపలుండేది మెత్తటి ఉక్కు. ఊడిన పెచ్చు గేరాయిల్లోనే తిరుగుతుంది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి గేర్లకూ హైడ్రాలిక్‌కూ ఒకే ఆయిలు. కాబట్టి గేర్‌బాక్సులో పుట్టిన జబ్బు లిఫ్టు పంపులో తేలుతుంది.

కాన్‌స్టంట్ మెష్‌లో గేర్లు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి కూర్చునే తిరుగుతుంటాయి, మధ్యలో డాగ్ క్లచ్ అనే చిన్న పళ్ల రింగు మాత్రమే అటూ ఇటూ జరుగుతుంది. దెబ్బ తగిలితే ఆ చిన్న పళ్లకే తగులుతుంది. గేర్లు జరగనక్కర్లేదు కాబట్టి పళ్లను ఏటవాలుగా కోయొచ్చు, అందువల్ల మోత తక్కువ. నన్నడిగితే చిన్న ట్రాక్టరుకు ఇంతకు మించి అక్కర్లేదు. ‘పార్షియల్’ కాన్‌స్టంట్ మెష్ అని రాస్తే మాత్రం ఏ గేర్లు ఎలాంటివో అడిగి తెలుసుకోండి, కొన్నే అలా ఉండి, తక్కినవి స్లైడింగే అయ్యుంటాయి.

సింక్రోమెష్‌లో ఇత్తడి గాజులాంటి రింగొకటి రెండు వేగాలనూ రుద్ది సమానం చేశాకే గేరు పడుతుంది. చేత్తో గేరు మార్చే కార్లలో ఉండేది ఇదే. పొలంలో దీనితో పెద్ద పని లేదు, ఎందుకంటే దున్నుతూ దున్నుతూ ఎవరూ గేరు మార్చరు, ఒకటి వేసి సాలు కొస దాకా పోతారు. ట్రాలీకి బరువేసి రోడ్డెక్కేవాళ్లకు మాత్రం ఇది కావాలి. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ గేరు దించాల్సి వస్తే సింక్రో లేని బండి మధ్యలో ఆగుతుంది, బరువుతో వెనక్కి జారుతుంది.

దీంట్లోనే ఇంకో ప్రాణం మీది సంగతుంది. చెరువు కట్ట దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి వదిలేవాళ్లను అందరం చూస్తూనే ఉన్నాం. సగం దిగాక వేగం ఎక్కువై మళ్లీ గేరు వేద్దామంటే స్లైడింగ్ మెష్‌లో పడదు, గరగరమని తన్నేస్తుంది. ఇక మిగిలేది బ్రేకొక్కటే, వెనక ట్రాలీల్లో చాలావాటికి అది కూడా ఉండదు. ట్రాక్టరు బోల్తా అని మీ జిల్లా పేజీల్లో వేసే వార్తల్లో ఇలాంటివెన్నో మీకే తెలియాలి. ఏ గేరులో ఎక్కాల్సిన ఎత్తో అదే గేరులో దిగాలి.

క్లచ్ సంగతి మీ వ్యాసంలో అసలే లేదు. నా దృష్టిలో గేర్ల కంటే ముందు అడగాల్సింది అది. సింగిల్ క్లచ్ బండిలో పెడలు తొక్కితే చక్రాలతో పాటు పీటీఓ కూడా ఆగిపోతుంది. మామిడి తోటలో మందు కొడుతూ ఒక చెట్టు దగ్గర కాసేపు నిలబడాలంటే క్లచ్ తొక్కగానే పంపు ఆగి ప్రెషరు పడిపోతుంది. న్యూట్రల్ చేసి మళ్లీ క్లచ్ వదలాలి, కదలాలంటే మళ్లీ తొక్కాలి, ప్రతి చెట్టుకూ ఇదే తంతు. డ్యుయల్ క్లచ్‌లో సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే అదీ ఆగుతుంది. పీటీఓకు వేరే క్లచ్చే ఉన్న ఇండిపెండెంట్ రకమైతే ఇంకా హాయి. సింగిల్ క్లచ్‌తో గడ్డి కోసే స్లాషర్‌లాంటి బరువైనది తగిలించారా, క్లచ్ తొక్కినా ఆ తిరిగే బరువే గేర్‌బాక్సును తిప్పి బండిని ముందుకు నెడుతుంది. గట్టు ఇంకో రెండడుగులుందనగా క్లచ్ తొక్కిన మనిషికి అప్పుడు తెలుస్తుంది. దానికి ఓవర్‌రన్నింగ్ క్లచ్ అని చిన్న భాగం పీటీఓ షాఫ్టుకు తొడుగుతారు. డీలరు తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా. ఆ మిగిలిన డబ్బుతో బంపరూ, పాటల డబ్బా కాకుండా డ్యుయల్ క్లచ్ ఉన్న మోడలుకు పోవాలని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. వినేవాళ్లు వింటున్నారు. పాటల డబ్బా కొనేవాళ్లు కొంటున్నారు.

ఇప్పుడు షటిల్, అంటే ముందుకూ వెనక్కూ మార్చే ఆ వేరే లివరు. మా తమ్ముడు చివరికి కొన్నది షటిల్ ఉన్న బండే, కానీ పన్నెండు ప్లస్ పన్నెండు అన్న మాటకు పడిపోయి కాదు. మా మరదలి వల్ల. టిల్లరు రోజుల్లో తోటలో యంత్రం పని తమ్ముడిది, ఆకు కోత ఆమెది. ట్రాక్టరొస్తే తానే నడుపుతానని ముందే చెప్పింది. చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని ఆమె డెమో బండి ఎక్కినప్పుడు చూశాను. ఒక బండికి గేరు లివర్లు రెండూ సీటు ముందర, కాళ్ల సందున నిలబడి ఉన్నాయి. ఎక్కేటప్పుడు చీర కుచ్చిళ్లు ఒక లివరుకు తగులుకున్నాయి, దిగేటప్పుడు రెండోదానికి. “దీన్ని మగోళ్ల కోసమే చేసినారు బావా” అంది. రెండో బండికి లివర్లు సీటు పక్కన, షటిల్ లివరు స్టీరింగు కింద ఎడమ చేతికి అందేలా ఉంది. మల్బరీ సాలు కొసన మలుపుకు చోటు తక్కువ, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు, మళ్లీ ముందుకు తిప్పితే గానీ పక్క సాల్లో పడదు. మామూలు 8+2లో ఆ ప్రతిసారీ గేరు తీసి రివర్సు వెతుక్కోవాలి. షటిల్‌లో ఉన్న గేరు అలాగే ఉంటుంది, క్లచ్ తొక్కి ఎడమచేత్తో లివరు నెట్టడమే. ఆమె రెండు సాళ్లు తిప్పి దిగి, “ఇదే” అని ఇంట్లోకి పోయింది. బేరం అక్కడితో అయిపోయింది.

అయితే షటిల్‌లోనూ రకాలున్నాయి. మామూలు మెకానికల్ షటిల్‌కు క్లచ్ తొక్కాల్సిందే, సింక్రో షటిల్ అయితే బండి దాదాపు ఆగుతుండగానే పడుతుంది. పవర్ షటిల్‌లో హైడ్రాలిక్ క్లచ్‌లుంటాయి, పెడలు ముట్టకుండానే దిశ మారుతుంది, ధర కూడా అలాగే మారుతుంది. లోడరు బిగించి రోజంతా ఎరువు ఎత్తిపోసేవాళ్లకు అది గిట్టుబాటు. సాలు పొడుగున్న మెట్టచేను దున్నేవాడికి మలుపులే తక్కువ, వాడికి షటిలే దండగ, మంచి కాన్‌స్టంట్ మెష్ 8+2 చాలు. పని చూసి గేర్‌బాక్సు చెప్పాలి గానీ ఊరందరికీ ఒకటే మందు రాసిస్తే ఎలా?

ఇక మీ వ్యాసం ముచ్చటపడిన క్లచ్ లేని ట్రాక్టరు, అంటే హైడ్రోస్టాటిక్, హెచ్‌ఎస్‌టీ. కొత్తదని రాశారు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు 1967లోనే హైడ్రోస్టాటిక్ ట్రాక్టరు అమ్మారు. క్లచ్ తొక్కకుండా పది గేర్లూ మార్చే సెలెక్ట్-ఓ-స్పీడును ఫోర్డ్ వాళ్లు 1959లోనే తెచ్చి, మొదటి రోజుల్లో దాని రిపేర్లతో తల పట్టుకున్నారు. అక్కడ ఇళ్ల చుట్టూ గడ్డి కోయడానికీ, చిన్న లోడరు పనులకూ చిన్న ట్రాక్టర్లలో హెచ్‌ఎస్‌టీ బాగా పాతుకుపోయింది. వాళ్ల పని అది.

దానిలోని గొప్పతనం కాదనను. ఒక పంపు, ఒక మోటారు, మధ్యలో ఆయిలు. పంపులో స్వాష్‌ప్లేటు అనే పళ్లెం ఎంత వంగితే అంత ఆయిలు, అంత వేగం. పైన నేను రోటవేటరు దగ్గర చెప్పిన ముడిని విప్పగలిగేది ఇదే. ఇంజనును 540 దగ్గరే ఉంచి, బండిని మాత్రం పాదంతో ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా పోనివ్వొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ, కూరగాయల మళ్లలో అంగుళం అంగుళం జరగాల్సినవాళ్లకూ ఇది వరమే.

కానీ చక్రాలకు పోయే బలంలో గేర్లలో పదో వంతు లోపు పోతే, హెచ్‌ఎస్‌టీలో దానికి రెండింతల దాకా వేడిగా మారి ఆయిల్లో కలిసిపోతుంది. యాభై హెచ్‌పీ బండికి అది సర్దుకోవచ్చు. ఇరవై హెచ్‌పీ బండికి పోయే ప్రతి హెచ్‌పీ లెక్కే. పైగా బరువు తగిలినప్పుడు మన అలవాటు పెడలు ఇంకా తొక్కడం. హెచ్‌ఎస్‌టీలో బరువు తగిలితే కాలు తియ్యాలి, పళ్లెం నిటారయ్యేకొద్దీ లాగే బలం పెరుగుతుంది. తొక్కేకొద్దీ ఇంజను మూలిగి ఆగుతుంది. డ్రైవరును మార్చిన ప్రతిసారీ ఈ పాఠం మళ్లీ చెప్పాలి. బ్యాటరీ దిగిపోతే ఇంకో ట్రాక్టరుకు కట్టి లాగి స్టార్టు చేయడం మన పల్లెల్లో మామూలు. హెచ్‌ఎస్‌టీలో చక్రం తిరిగితే ఇంజను తిరగదు, ఆ దారి మూసుకుపోయినట్టే.

రిపేరు సంగతి నా వృత్తి కాబట్టి చెబుతున్నా. ఏ గేరు విరిగినా పళ్లు లెక్కపెట్టి, మాడ్యూలు, అంటే పంటి సైజు, కొలిచి, హీట్ ట్రీట్‌మెంటుతో సహా పీణ్యలో చేయించుకోవచ్చు. హెచ్‌ఎస్‌టీ పంపులో పిస్టనుకూ సిలిండరుకూ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. కంపెనీ చెప్పిన ఆయిలు కాకుండా డ్రమ్ములో ఏదుంటే అది పోసినా, ఫిల్టరు మార్చడం మరిచినా, మూత తీసినప్పుడు మన మెట్టచేల దుమ్ము పడినా ఆ సందు పాడవుతుంది. బాగుచేసేవాళ్లు పీణ్యలో లేకపోలేదు, కానీ దాన్ని విప్పి ఇక్కడికి తేవాలి, మళ్లీ తీసుకుపోవాలి. నాలుగో జ్వరం, అంటే చర్మం విడిచే నిద్ర, లేచిన పట్టుపురుగు మొత్తం తినే ఆకులో ముప్పాతిక పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. ఆ వారంలో ట్రాక్టరు బెంగళూరులో ఉంటే కుదరదు. కాబట్టి మీ తాలూకాలో దాన్ని విప్పగల మనిషి ఉన్నాడా అని కనుక్కుని, ఉంటే నిశ్చింతగా కొనుక్కోమని రాయండి. పాతదాని మీద డబ్బు తగలేయొద్దని మాత్రం రాయకండి, మీ మాట నమ్మే రైతులున్నారు.

నా కోరిక ఒక్కటే. వచ్చేసారి పట్టిక వేసినప్పుడు గేర్ల సంఖ్య ఉన్న గడిలో, కింది మూడు గేర్లలో గంటకెన్ని కిలోమీటర్లో వేయండి. చోటు చాలకపోతే ‘ఎత్తే బరువు’ గడి తీసేయండి. చిన్న ట్రాక్టరు కొనేవాడు ఎత్తేది చిన్న రోటవేటరే. క్లచ్ సింగిలా డ్యుయలా అన్నది ఒక్క అక్షరంలో సరిపోతుంది. ఈ వివరాలు ఎక్కడి నుంచి తేవాలంటారేమో. మధ్యప్రదేశ్‌లో బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టులిస్తుంది. అందులో ప్రతి గేరుకూ వేగం, పీటీఓ దగ్గర నిజంగా దొరికే బలం, లాగే శక్తి అన్నీ అంకెల్లో ఉంటాయి. మన అనంతపురం పక్కన గార్లదిన్నెలోనే వ్యవసాయ యంత్రాల శిక్షణకూ పరీక్షలకూ కేంద్రం వారి సంస్థ ఉంది. మీ అనంతపురం విలేఖరి ఒక పూట అక్కడికెళ్లి కూర్చుంటే ఆ రిపోర్టు ఎలా చదవాలో చెప్పేవాళ్లు దొరుకుతారు. ఇక్కడ బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకేలో ఏటా నవంబరు ప్రాంతంలో కృషి మేళా జరుగుతుంది, చిన్న ట్రాక్టర్లన్నీ ఒకేచోట ఉంటాయి. మీ బెంగళూరు విలేఖరి టేపూ, రెండు గూటాలూ పట్టుకుని వస్తానంటే నేను సెలవు పెట్టి తోడొస్తాను.

నా పేరు వేయొద్దని మనవి. మీ పట్టికలో ఉన్న కంపెనీల్లో కొందరి గేర్లు మా షాపులోనే తయారవుతాయి, మా ఓనరు మీ పేపరు రోజూ చదువుతాడు.

ఇట్లు,
పీణ్య నుంచి మీ పాఠకుడు,
బెంగళూరు